ఒక్క 'అప్' పట్టుకుని మొదలుపెట్టండి

'గెట్' తెలుసు, 'పుట్' తెలుసు, 'టేక్' తెలుసు. బడికి వెళ్ళే ప్రతి పిల్లాడికీ వచ్చిన మాటలే ఇవి. వాటి పక్కన 'అప్', 'ఆఫ్', 'ఔట్' లాంటి చిన్న మాట వచ్చి చేరేసరికి అర్థం ఎక్కడికో వెళ్ళిపోతుంది. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ ఔట్' అంటే ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే సహించడం. ఇలాంటి జంటల్ని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు, పక్కన చేరే చిన్న మాటని పార్టికల్ అంటారు. పరాయి దేశస్థులకి ఇవి కొరుకుడుపడవని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరుని మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో వాడాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని కూడా చెప్పాడు.

మన దగ్గర దొరికే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు వీటిని క్రియల వరసలో ఇస్తాయి. 'గెట్' కింద ఒక పేజీ, 'టేక్' కింద ఇంకో పేజీ. పొద్దున బట్టీ పట్టింది సాయంత్రానికి గుర్తుండదు. ఉండకపోవడం పిల్లల తప్పు కాదు. 'గెట్ అప్'కీ 'గెట్ ఓవర్'కీ చుట్టరికం ఏముంది, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తలుచుకోవడానికి? చుట్టరికం ఉన్నది రెండో మాట వైపు. 'ఈట్ అప్', 'యూజ్ అప్', 'డ్రై అప్', 'బర్న్ అప్' ఒకే ఇంటివి. కాబట్టి పార్టికల్‌ని పట్టుకోవాలి, అదీ ఒకసారికి ఒక్కటే. ఇంగ్లీషు చెప్పేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇదే. మొదటి నుంచీ చెబుతాను.

నిజానికి ఇది మనకి కొత్త దారి కూడా కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నిటికీ ధాతువు ఒకటే. అయినా పాతకాలపు పంతుళ్ళు ఉపసర్గల్ని విడిగా నేర్పేవాళ్ళు. 'సం' అంటే కలిసి అనీ, పూర్తిగా అనీ రెండర్థాలున్నాయని తెలిస్తే సంగమం, సంయోగం ఒక పక్కకీ, సంపూర్ణం, సంతృప్తి ఇంకో పక్కకీ వాటంతటవే చేరిపోతాయి. ఇంగ్లీషు పార్టికల్‌తోనూ చేయాల్సింది అదే.

కావలసినవి పెద్దగా ఏం లేవు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, ఉదాహరణ వాక్యాలు బాగా ఇచ్చే నిఘంటువు ఒకటి. కొలిన్స్ కోబిల్డ్ 1989లో తెచ్చిన ఫ్రేజల్ వెర్బ్స్ నిఘంటువులో పార్టికల్స్ వారీగా అర్థాలు విడదీసి చూపే సూచిక ఒకటుంది. దొరికితే మంచిదే, దొరక్కపోయినా పని ఆగదు.

పని ఎంతుంటుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు 10 కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే వాడుక ఇంగ్లీషు సేకరణని జల్లెడపట్టి 2007లో లెక్క చెప్పారు. అందులో కనిపించే ఫ్రేజల్ వెర్బ్స్‌లో దాదాపు మూడో వంతు కేవలం 25 జంటలే. 100 జంటలు వస్తే సగం పైన వచ్చినట్టే. అయితే ఆ నూటికీ కలిపి 559 అర్థాలు తేలాయి. అంటే జంటలు తక్కువే, బరువంతా అర్థాల్లో ఉంది. అర్థాల్ని ఎలా విడదీసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

మొదలుపెట్టడానికి 'అప్' మంచిది. ముందుగా మీ నోట్లో ఇప్పటికే ఉన్నవి ఏరండి. నిఘంటువు తెరవొద్దు. మేకప్, ప్యాకప్, లాకప్, చెకప్, బ్యాకప్, పికప్, బ్రేకప్, సెటప్, వార్మప్, ఫాలోఅప్, స్టార్టప్. ఇవన్నీ రోజూ తెలుగులో వాడేవే. షూటింగులో ప్యాకప్ చెప్పారంటే ఆ రోజు పని అయిపోయినట్టు. లాకప్‌లో వేశారంటే తలుపు పూర్తిగా మూసేసినట్టు. ఇలా రాసుకుంటూ పోతే పేజీ నిండుతుంది. క్లాసులో ఈ మొదటి పేజీ చూసుకున్నప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. తమకేమీ రాదనుకుంటూ వచ్చినవాళ్ళకి సగం సరుకు తమ దగ్గరే ఉందని తెలుస్తుంది.

ఏరిన మాటల పక్కనే ఒక సంగతి రాసుకోవాలి. మనం తీసుకున్నవి నామవాచకాలు. అక్కడ రెండు మాటలూ అతుక్కుపోయి ఉంటాయి, నొక్కు మొదటి ముక్క మీద పడుతుంది. క్రియగా వాడేటప్పుడు అవి విడిపోతాయి, నొక్కు సాధారణంగా చివరి 'అప్' మీదికి జారుతుంది. 'లాకప్' జైలు గది, 'లాక్ అప్' తాళం వేసి మూసేయడం. పైకి అనుకుంటూ రాస్తే ఈ తేడా చెవికి ఇట్టే పట్టుబడుతుంది.

తర్వాత కొత్త పేజీ తీసి మధ్యలో పైకి ఒక బాణం గీయండి. 'అప్' అంటే పైకి. కంటికి కనిపించే పైకి ముందు: 'స్టాండ్ అప్', 'సిట్ అప్', 'గ్రో అప్', 'పిక్ అప్'. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిందేమీ లేదు, రాసుకుని ముందుకి పోవచ్చు.

ఆ బాణం పక్కనే రెండో గుంపు. ఇక్కడ ఏదీ నిజంగా పైకి లేవదు, పెరుగుతుంది: 'స్పీడ్ అప్', 'హీట్ అప్', 'వార్మ్ అప్', 'చీర్ అప్', 'స్పీక్ అప్'. ఈ గుంపుని తెలుగువాళ్ళకి చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే మనం ఇదే పని 'ఎక్కు'తో చేస్తాం. నీళ్ళు వేడెక్కాయి, బండి వేగం పుంజుకుని జోరెక్కింది, పిల్లలు హుషారెక్కారు, ధరలు పైకెక్కాయి. వేడికి మెట్లున్నాయా ఎక్కడానికి? అయినా మనకి ఎక్కినట్టే అనిపిస్తుంది. ఎక్కువంటే పైన, తక్కువంటే కింద అన్న ఊహ మాటల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ఒక పుస్తకమే రాసి చూపించారు. 'వేడెక్కు' పక్కన 'హీట్ అప్' అని రాసుకున్నవాళ్ళు దాన్ని మళ్ళీ బట్టీ పట్టక్కర్లేదు.

మూడో గుంపు దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. 'అప్' బలమంతా ఇక్కడే ఉంది. పైకి అన్న మాట పూర్తిగా అన్న అర్థానికి ఎలా వచ్చింది? కొళాయి కింద బిందె పెడితే నీళ్ళు మట్టం పెంచుకుంటూ అంచుదాకా వస్తాయి. అంచు తాకాక ఇంక చోటు లేదు, పని అయిపోయింది. 'ఫిల్ అప్' అంటే అదే. మట్టం పైకి రావడమూ, పని పూర్తికావడమూ అక్కడ ఒకే క్షణంలో జరుగుతాయి. ఆ పూర్తి అన్న అర్థం తర్వాత నీళ్ళతో, బిందెతో సంబంధం లేని క్రియలకీ పాకింది.

ఈ గుంపుకి తెలుగులో తాళంచెవి క్రియ చివర ఉంది. పిల్లాడికి 'అన్నం తిను' అని చెప్పడం వేరు, 'అన్నం తినెయ్' అని చెప్పడం వేరు. రెండోదాంట్లో పళ్ళెంలో మెతుకు మిగలకూడదన్న మాట దాగుంది. ఇంగ్లీషు తల్లి 'ఈట్ యువర్ రైస్' అన్నదానికీ 'ఈట్ అప్ యువర్ రైస్' అన్నదానికీ ఉన్న తేడా సరిగ్గా అదే. అలాగే తాగెయ్ అంటే 'డ్రింక్ అప్', చింపెయ్ అంటే 'టేర్ అప్', తుడిచెయ్ అంటే 'మాప్ అప్'. పని దానంతటదే జరిగితే మనం 'పోవు' వాడతాం: చెరువు ఎండిపోయింది, 'డ్రై అప్'. మనమే చేస్తే మళ్ళీ 'ఎయ్': ఉన్న డబ్బంతా వాడేశాను, 'యూజ్ అప్'. తెలుగులో 'ఎయ్'తోనో 'పోయింది'తోనో ముగిసే వాక్యాలు ఒక పది రాసి, వాటిలో ఏవి 'అప్' పుచ్చుకుంటాయో నిఘంటువులో చూడమంటాను. ఈ పది వాక్యాలూ మీరు నిజంగా ఇంట్లో అనేవే అయ్యుండాలి. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఈ అభ్యాసం వల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

అలా చూసేటప్పుడు కొన్ని కుదరవు, కుదరకపోవడమే మంచిది. 'వెళ్ళిపో' అంటే 'గో అవే', 'పడిపోయాడు' అంటే 'ఫెల్ డౌన్', 'దీపం ఆరిపోయింది' అంటే 'వెంట్ ఔట్'. మనం ఒక్క 'పోవు'తో చెప్పేవాటిని ఇంగ్లీషు నాలుగైదు పార్టికల్స్‌కి పంచింది. ఈ కుదరనివాటిని కొట్టేయకుండా నోటుబుక్కు చివరి పేజీల్లో దాచుకోండి. తర్వాతి పార్టికల్స్‌కి విత్తనాలవే.

నాలుగో గుంపు దగ్గరకి రావడం, కనబడటం. 'కమ్ అప్', 'షో అప్', 'టర్న్ అప్', 'క్యాచ్ అప్'. దూరం నుంచి ఎవరైనా మనవైపు నడిచొస్తుంటే దగ్గరయ్యేకొద్దీ మనిషి ఎత్తు పెరుగుతున్నట్టు కనిపిస్తాడు. మరుగునున్నది పైకి తేలితే కంటపడుతుంది. మాటల మధ్యలో ఒక సంగతి ప్రస్తావనకి వస్తే 'కమ్ అప్', మనమే తెస్తే 'బ్రింగ్ అప్'. నిఘంటువులో మాట వెతికితే 'లుక్ అప్'. ఐదో గుంపు చిన్నది: 'టై అప్', 'బటన్ అప్', 'సీల్ అప్', 'లాక్ అప్'. కట్టడం, మూయడం, బిగించడం. ఇది మూడో గుంపుకి తమ్ముడు. విడిగా పెట్టుకున్నా, అందులోనే కలిపేసినా పరవాలేదు.

ఇన్ని గుంపులు చేసినా కొన్ని బయటే ఉండిపోతాయి. 'గివ్ అప్' అందులో ముఖ్యమైనది. పోలీసులకి లొంగిపోవడాన్ని కూడా 'గివ్ వన్‌సెల్ఫ్ అప్' అంటారని తెలిస్తే, తన దగ్గరున్నది పైవాడికి అప్పగించడం అన్న ఊహ కొంచెం అందుతుంది. ప్రయత్నం వదులుకోవడమూ అలాంటిదే అని సర్దిచెప్పుకోవచ్చు. 'మేక్ అప్' ఇంకా మొండిది. అలంకరించుకోవడం, కథ అల్లడం, గొడవపడ్డాక రాజీపడటం, పోయిన సమయాన్ని పూడ్చుకోవడం అన్నీ అదే. ఇలాంటివాటికి బలవంతంగా కారణం అంటగట్టొద్దు. వేరే పేజీలో వాక్యంతో సహా రాసుకుని అలాగే గుర్తుపెట్టుకోవాలి. పద్ధతి ఎక్కడ పనిచేయదో తెలిసి ఉండటం కూడా పద్ధతిలో భాగమే.

ఎంత వేగంగా వెళ్ళాలన్నది చాలామంది అడగని ప్రశ్న. గుంపులన్నీ ఒకే పూట మింగాలని చూడకండి. ఒక గుంపు, ఐదారు మాటలు, రెండు మూడు రోజుల విరామం, మళ్ళీ ఇంకో గుంపు. ఒకే కోవకి చెందిన కొత్త మాటలు, బట్టల పేర్లో పళ్ళ పేర్లో, ఒక్కసారే నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలగాపులగమవుతాయని థామస్ టింకమ్ 1990లలో ప్రయోగాలు చేసి చూపించాడు. మరోవైపు కెవెచెష్, సాబో అనే పరిశోధకులు హంగేరీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 1996లో వెలువడింది. 'అప్', 'డౌన్' జంటల్ని వెనకున్న ఊహ ప్రకారం గుంపులుగా నేర్చుకున్నవాళ్ళు, హంగేరియన్ అర్థాలు బట్టీ పట్టినవాళ్ళకంటే మెరుగ్గా రాశారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కాదు. గుంపుకి వెనక ఒక ఊహ ఉండాలి, గుంపు చిన్నదిగా ఉండాలి. నా అనుభవంలో మొదటిదాన్ని అందరూ ఒప్పుకుంటారు, రెండోదాన్ని ఎవరూ పాటించరు.

గుంపులు కుదిరాక వాక్యంలో పెట్టే పద్ధతి. మూడో గుంపులోవి చాలావరకు మధ్యలో చోటిస్తాయి. 'టేర్ అప్ ది పేపర్' అనొచ్చు, 'టేర్ ది పేపర్ అప్' అనొచ్చు. పేపర్ బదులు 'ఇట్' వస్తే మాత్రం ఒకటే దారి: 'టేర్ ఇట్ అప్'. 'టేర్ అప్ ఇట్' అనరు. మనవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. నియమాన్ని కంఠస్థం చేసేకంటే 'పిక్ ఇట్ అప్', 'క్లీన్ ఇట్ అప్', 'ఫిల్ ఇట్ అప్', 'లుక్ ఇట్ అప్' అని లయగా నాలుగుసార్లు పైకి అనడం మేలు. 'ఇట్'ని తేలిగ్గా వదిలేసి 'అప్' మీద గొంతు పెట్టాలి. నోటికి అలవాటైతే తప్పు రూపం నోటంట రాదు.

ఇప్పుడు పరీక్ష. ఎప్పుడూ చూడని జంటని వాక్యంలో చూసి ఏ గుంపుదో ఊహించండి. 'ది డాగ్ గాబుల్డ్ అప్ ది మీట్.' 'గాబుల్' తెలియకపోయినా కుక్క, మాంసం, 'అప్' మూడూ ఉన్నాయి. తినేసింది. ఊహించాకే నిఘంటువు తెరవాలి. ఊహ తప్పినా నష్టం లేదు. ముందు ఊహించి తర్వాత సరిచూసుకున్న మాట, నేరుగా చూసిన మాటకంటే గట్టిగా నిలబడుతుంది. ఈ వరసలోనే మన అలవాటు ఒకటి సరిదిద్దుకోవచ్చు. 'కోప్ అప్ విత్' అని మన దగ్గర విరివిగా వినపడుతుంది. బయట 'కోప్ విత్' అనే అంటారు, అక్కడ 'అప్'కి పని లేదు. దరఖాస్తు నింపడాన్ని మనం 'ఫిల్ అప్' అంటాం. బ్రిటన్‌లో 'ఫిల్ ఇన్', అమెరికాలో ఎక్కువగా 'ఫిల్ ఔట్' అంటారు.

'అప్' ఒక కొలిక్కి వచ్చాకే రెండో పార్టికల్. మొదటి రోజే 'అప్', 'డౌన్' పక్కపక్కన పెడితే రెండూ కలిసిపోతాయి. రెండోదానికి వెళ్ళినప్పుడు మాత్రం పాతదానితో పోల్చి చూడటం చాలా లాభం. నాకిష్టమైన పోలిక 'కాలిపోవడం'. కాగితాలు కాలిపోయాయి, ఇల్లు కాలిపోయింది, బోరు మోటారు కాలిపోయింది. తెలుగులో మూడింటికీ మాట ఒకటే. ఇంగ్లీషులో కాగితాలు 'బర్న్ అప్', ఏమీ మిగల్లేదు కనక. ఇల్లు 'బర్న్ డౌన్', నిలబడి ఉన్నది నేలమట్టమైంది కనక. మోటారు 'బర్న్ ఔట్', బయటికి రూపం అలాగే ఉంది, లోపలి సత్తువ పోయింది కనక. పనిభారంతో అలిసి సత్తువ పోయిన ఉద్యోగిని 'బర్న్డ్ ఔట్' అన్నప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సింది ఆ మోటారునే. ఈ మూడు వాక్యాలూ ఒక పేజీలో రాసుకుంటే మూడు పార్టికల్స్ తమ తమ పని చేస్తూ కనిపిస్తాయి.

'ఆఫ్' దగ్గర అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. 'ది లైట్స్ వెంట్ ఆఫ్' అంటే దీపాలు ఆగిపోయాయి. మరి 'ది అలారం వెంట్ ఆఫ్' అంటే మోగింది ఎలా అవుతుంది? మనం ఆన్ చెయ్, ఆఫ్ చెయ్ అని స్విచ్చులతో నేర్చుకున్నాం కనక 'ఆఫ్' అంటే ఆపడమే అనుకుంటాం. దాని అసలు అర్థం విడిపోవడం, ఉన్నచోటు నుంచి తొలగడం. ఈ 'ఆఫ్' (off), 'యొక్క' అన్న అర్థమిచ్చే చిన్న 'ఆవ్' (of) ఒకప్పుడు ఒకే మాట. విమానం నేలని విడిస్తే 'టేక్ ఆఫ్', ప్రయాణం కట్టి ఇల్లు విడిస్తే 'సెట్ ఆఫ్', మనం సెండాఫ్ ఇచ్చేదీ విడిపోతున్నవాళ్ళకే. అలారం అప్పటిదాకా ఉన్న మౌనాన్ని విడిచింది. తుపాకీ, బాంబు కూడా అలాగే 'వెంట్ ఆఫ్'. దీపం వెలిగే స్థితిని విడిచింది. బ్రిటన్‌లో పాలు విరిగిపోతే 'ది మిల్క్ వెంట్ ఆఫ్' అంటారు, మంచి స్థితిని విడిచాయని. అప్పటిదాకా ఉన్న ఏ స్థితిని విడిచింది అని అడిగితే చాలు, మోగిందో ఆగిందో తెలిసిపోతుంది.

'ఔట్'లోనూ ఇలాంటి ఎదురుబొదురే ఉంది. 'ది స్టార్స్ కేమ్ ఔట్' అంటే చుక్కలు పొడిచాయి, 'ది ల్యాంప్ వెంట్ ఔట్' అంటే దీపం ఆరిపోయింది. ఒకచోట కనబడటం, ఇంకోచోట కనుమరుగవడం. సూజన్ లిండ్నర్ 1981లో 'అప్', 'ఔట్' రెండింటి మీదే సిద్ధాంతగ్రంథం రాసినప్పుడు, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ఇలాంటిచోట కీలకమని గుర్తించింది. దాగున్నది మనవైపు బయటికొస్తే 'కమ్', మన అందుబాటులోంచి బయటికి పోతే 'గో'. నిజం బయటపడింది అన్నప్పుడు మనం నిలబడ్డది బయట. అందుకే 'ఫైండ్ ఔట్', 'పాయింట్ ఔట్', 'టర్న్ ఔట్' అన్నీ తెలిసిరావడం వైపు. 'డై ఔట్', 'రన్ ఔట్', 'వేర్ ఔట్' అన్నీ అయిపోవడం వైపు. పేజీని నిలువుగా రెండుగా మడిచి రాసుకోండి.

పై చదువులకి అమెరికానో ఇంగ్లాండో వెళ్ళే పిల్లలకి ఆ పేజీలో ఒకటి ఎర్రసిరాతో రాయిస్తాను. 'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2020' అంటే మన దగ్గర చదువు పూర్తిచేశానని. అక్కడ వినేవాళ్ళకి అది స్పృహ తప్పి పడిపోయానన్నట్టు వినిపిస్తుంది. మనం కాలేజీలోంచి బయటికొచ్చామంటున్నాం, వాళ్ళు తెలివిలోంచి బయటికి పోయామని అనుకుంటారు. ఇంటర్వ్యూలో అయితే 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2020' అనాలి. ఇక్కడ మనలో మనం మాట్లాడుకునేటప్పుడు పాత వాడుకని నిక్షేపంగా వాడుకోవచ్చు.